తాతగారి వాల్వు రేడియో: ముందు మార్చాల్సింది కండెన్సర్లు

ప్రశ్న: మా తాతగారి వాల్వు రేడియో ముప్పై ఏళ్లుగా అటక మీద ఉంది. మొన్న దించి, దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టాను. డయల్ దీపాలు వెలిగాయి. స్పీకర్లో హమ్ తప్ప స్టేషన్ ఒక్కటీ రాలేదు. నాలుగైదు నిమిషాలకు వెనకనుంచి తారు కాగిన వాసన వచ్చింది. తొంగిచూస్తే ఒక వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతోంది. వెంటనే స్విచ్చి తీసేశాను. వాల్వుల మీద ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80 అని ఉంది. మా ఊరి మెకానిక్ ‘ఈ వాల్వులు ఇక దొరకవు, లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టేస్తా’ అంటున్నాడు. ఒప్పుకోమంటారా? నాకు సోల్డరింగ్ కొంచెం వచ్చు, డిజిటల్ మల్టీమీటర్ ఉంది. (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ఒప్పుకోకండి. హమ్, తారు వాసన, ఎర్రబడ్డ రేకు, ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలు. కండెన్సర్లు ముసలివైపోయాయి. (కొట్లో కెపాసిటర్ అని అడగండి, రెండూ ఒకటే.) వాల్వులు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. వాల్వులో అరిగేది క్యాథోడ్ (వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలే భాగం) మీది పూత. అది సెట్టు మోగిన గంటలను బట్టి అరుగుతుంది, అటక మీద ఉన్న ఏళ్లను బట్టి కాదు. కండెన్సర్ అలా కాదు, ఊరికే పడి ఉన్నా చెడిపోతుంది. అందులోనూ మీది సముద్రపు గాలి తగిలే ఊరు. కాగితం కండెన్సర్లోకి తేమ దిగడానికి ముప్పై ఏళ్లు చాలా ఎక్కువ.

లోపల ఏం జరిగిందో చూద్దాం. ఈజెడ్80 వాల్వు ఏసీని డీసీగా మారుస్తుంది. అందులో మిగిలిపోయిన అలలను చదును చేసేవి రెండు పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు. చాలా సెట్లలో ఇవి 50, 50 మైక్రోఫారడ్‌లుగా ఒకే అల్యూమినియం డబ్బాలో ఉంటాయి. లోపలి ద్రవం ఎండిపోతే అలలు అలాగే స్పీకరు దాకా వస్తాయి. అదే మీరు విన్న 100 హెర్ట్జ్ హమ్. కండెన్సర్ లోపలి అల్యూమినియం రేకు మీది ఆక్సైడ్ పొర కూడా ఏళ్ల తరబడి వోల్టేజీ లేక పలచబడుతుంది, దాంతో డబ్బా గుండా కరెంటు కారడం మొదలవుతుంది. అటు ఎర్రగా కాలిన వాల్వు, అంటే స్పీకరును నడిపే ఈఎల్84, కూడా రెండింతలు కరెంటు లాగుతోంది. ఈ రెండు బరువులూ కలిసి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడ్డాయి. తారు వాసన అక్కడిదే. ఐదు నిమిషాల్లో ఆపేశారు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంటుందని ఆశ. ఎలా తేల్చుకోవాలో కింద చెబుతాను. అంతవరకు ఇంకొక్కసారి కూడా ప్లగ్గు పెట్టొద్దు.

వాల్వుల పేర్లు రాయడం మంచిదైంది. మొదటి అక్షరం ‘ఈ’ అయితే హీటర్ (వాల్వును లోపలినుంచి వేడిచేసే తీగ) 6.3 వోల్టులది. అలాంటి సెట్లో సాధారణంగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, చాసిస్ (భాగాలన్నీ బిగించి ఉన్న లోహపు పెట్టె) కరెంటు లైనుకు తగలదు. మీది ఆ రకం. ఇది చదివే మరొకరి రేడియోలో యూసీహెచ్81, యూఎల్84, యూవై85 లాంటి ‘యూ’ వాల్వులుంటే, అది ఏసీ-డీసీ సెట్టు. దాని హీటర్లన్నీ 100 మిల్లీఆంపియర్ల మీద వరసగా కట్టి ఉంటాయి, చాసిస్ నేరుగా మెయిన్స్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మీదికి ఫేజు వస్తుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టును కరెంటు లైను నుంచి విడదీసేది) లేకుండా దాని వెనక అట్ట కూడా విప్పకండి. డీకే96, డీఎల్96 అని ‘డీ’తో మొదలైతే కరెంటు లేని ఊళ్ల కోసం చేసిన బ్యాటరీ సెట్టు. దాని ఫిలమెంటు 1.4 వోల్టులది, 6.3 తగిలిస్తే క్షణంలో మాడిపోతుంది.

చాసిస్ విప్పే ముందు రెండు పనిముట్లు చేసుకోండి. మొదటిది మెకానిక్కులు సీరీస్ బల్బు అనేది. చెక్క మీద ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్టు బిగించి, ఫేజు తీగ బల్బు గుండా సాకెట్టుకు వెళ్లేలా కలపండి. అందులో 60 వాట్ల ఫిలమెంటు బల్బే పెట్టాలి, ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వంద ఓమ్‌లలోపే. పూర్తిగా వెలిగితే 880 ఓమ్‌ల దాకా పెరుగుతుంది. అంటే సెట్టు మామూలుగా ఉంటే పక్కకు తప్పుకుంటుంది, ఎక్కడైనా షార్టు ఉంటే తానే వెలిగి కరెంటును అడ్డుకుంటుంది. దీనికన్నా చవకైన బీమా ఈ పనిలో ఇంకొకటి లేదు. రెండోది 4.7 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్, రెండు చివర్లా ఇన్సులేషన్ ఉన్న తీగలు, క్లిప్పులు. ప్లగ్గు పీకిన ప్రతిసారీ ముందుగా చాసిస్ నుంచి పెద్ద కండెన్సర్ ప్లస్ దాకా దీన్ని ఐదు సెకన్లు తగిలించి, ఆపైన మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. అక్కడ ఉండేది 250 నుంచి 300 వోల్టుల డీసీ. స్క్రూడ్రైవర్‌తో ఫట్‌మనిపించే అలవాటు కొందరికి ఉంది, దానివల్ల కండెన్సరూ కాంటాక్టులూ దెబ్బతింటాయి. సెట్టు మీద కరెంటు ఉండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి. కాళ్లకు చెప్పులు, ఇంట్లో ఇంకొక మనిషి ఉండాలి.

ముందు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తేలాలి. అది పోయి ఉంటే మిగతా లెక్కలు మారతాయి. పెన్సిలుతో ఏ వాల్వు ఏ సాకెట్టుదో రాసుకుని, అన్ని వాల్వులూ డయల్ బల్బులూ తీసేయండి. వాల్వును మెల్లగా ఊపుతూ నిటారుగా లాగాలి, గాజును తిప్పితే మెడ దగ్గర చిట్లుతుంది. గాజు మీది అక్షరాలు తడిగుడ్డతో తుడవకండి, ఊడిపోతాయి. ఇప్పుడు సీరీస్ బల్బు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి. గంటసేపు అలా ఉంచి, ప్లగ్గు తీసి ట్రాన్స్‌ఫార్మర్‌ను ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే అది క్షేమం. బల్బు వెలుగుతూనే ఉన్నా, బరువేమీ లేకపోయినా చెయ్యి పెట్టలేనంత కాలినా లోపలి చుట్లు షార్టయ్యాయన్నమాట. అయినా బతికించొచ్చు. మోటార్ వైండింగ్ చేసేవారిలో చేయి తిరిగినవాళ్లు పాత చుట్లు లెక్కపెట్టి అదే గేజి తీగతో చుట్టివ్వగలరు.

అదే సమయంలో వెనక వోల్టేజీ సెలెక్టర్ ఎక్కడుందో చూడండి. 220, 245 అని రెండు స్థానాలుంటే 245లో పెట్టండి. మన లైను ఇప్పుడు 230 అని పేరే కానీ రాత్రిపూట 240 దాటడం మామూలే. 220లో వదిలేస్తే హీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్, కండెన్సర్లు అన్నీ అవసరానికి మించి కాగుతాయి. మెయిన్స్ తీగ రబ్బరుదైతే వంచగానే పెళుసుగా రాలుతుంది. దాన్ని మార్చి మూడు పిన్నుల తీగ వేసి, పచ్చ తీగను చాసిస్‌కు గట్టిగా బిగించండి. ఫేజులో 500 మిల్లీఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు ఒకటి కలపండి. చాలా సెట్లలో మెయిన్స్ నుంచి చాసిస్‌కు ఒక కాగితం కండెన్సర్ ఉంటుంది. అది షార్టయితే చాసిస్సే కొడుతుంది, కాబట్టి తీసి పారేయండి. మెయిన్స్ రెండు తీగల మధ్య ఉన్నదైతే దాని స్థానంలో ఎక్స్2 అని ముద్ర ఉన్న 275 వోల్టుల ఏసీ కండెన్సరే వెయ్యాలి.

ఇక అసలు పని. చాసిస్ తిరగేసి నాలుగు కోణాల్లో ఫోటోలు తీసుకోండి. గోధుమరంగు మైనం గొట్టాలు, తారు పూసిన నల్ల గొట్టాలు కనిపిస్తాయి. అవన్నీ కాగితం కండెన్సర్లే, ఒక్కటీ వదలకుండా మార్చాలి. ఇలాంటి సెట్లో డబ్బాతో కలిపి పది నుంచి పదిహేను దాకా తేలతాయి. చదునైన మైకా ముక్కలు, పింగాణీ గొట్టాలు, బిళ్లలు, గాజులా మెరిసే పాలీస్టైరీన్‌వి ముట్టుకోకండి. అవి తరచుగా చెడవు, పైగా ట్యూనింగు వాటి విలువ మీదే ఆధారపడి ఉంటుంది. ఆవపిండి రంగు పాలియెస్టర్‌వి కూడా మామూలుగా బాగుంటాయి.

విలువలు చదవడంలో ఒక తిరకాసు ఉంది. ఫిలిప్స్ పద్ధతి సర్క్యూట్లలో కండెన్సర్ పక్కన 22కె అని ఉంటే అది 22,000 పికోఫారడ్‌లు, అంటే 0.022 మైక్రోఫారడ్. దాన్ని రెసిస్టర్ అనుకుని తికమక పడేవాళ్లున్నారు. కొట్లో దొరికే ఫిల్మ్ కండెన్సర్ మీద 103 అంటే 0.01, 223 అంటే 0.022, 473 అంటే 0.047, 104 అంటే 0.1. పాతది 0.05 అయితే 0.047 వెయ్యండి, 0.02కు 0.022, 0.005కు 0.0047. వోల్టేజీ 630 ఉండాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల ఇవన్నీ దొరుకుతాయి. ఊరికి దూరంగా ఉంటే ఒక్కో విలువకు రెండేసి అదనంగా తెచ్చుకోండి.

వీటన్నిటిలో మీ రేకు ఎర్రబడటానికి కారణమైనది ఒక్క కండెన్సర్. ఈబీసీ81 యానోడు (వాల్వు బయటి రేకు) నుంచి ఈఎల్84 గ్రిడ్డుకు (కరెంటును అదుపు చేసే జాలీకి), అంటే రెండో పిన్నుకు వెళ్లేది, దీన్నే కప్లింగ్ కండెన్సర్ అంటారు, 0.01 లేదా 0.022 ఉంటుంది. దాని ఒకవైపు 100 వోల్టుల దాకా డీసీ. రెండోవైపు డీసీ సున్నా ఉండాలి, పాట మాత్రమే దాటాలి. ఇప్పుడు అది ముసలిదై 20 మెగా ఓమ్‌ల లీకేజీ వచ్చిందనుకోండి. గ్రిడ్డు నుంచి చాసిస్‌కు 0.68 మెగా ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, గ్రిడ్డు మీద 3 వోల్టులకు పైగా ప్లస్ పేరుకుంటుంది. ఈఎల్84కు క్యాథోడ్ కన్నా గ్రిడ్డు 7 వోల్టులు తక్కువగా ఉంటేనే కరెంటు అదుపులో ఉంటుంది. ఆ కళ్లెం వదులైతే వాల్వు పరుగెడుతుంది, రేకు ఎర్రబడుతుంది, దాని వెనకే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మల్టీమీటర్‌తో ఓమ్స్ చూసి ‘బాగానే ఉంది’ అనుకోవడం ఇక్కడే మోసం చేస్తుంది. 20 మెగా ఓమ్‌లు మీటరులో దాదాపు ఓపెన్‌లాగే కనిపిస్తాయి, అదీ మీటరిచ్చే కొద్దిపాటి వోల్టేజీ దగ్గర. వంద వోల్టులు పడితే లీకేజీ ఇంకా పెరుగుతుంది. అందుకే కాగితం కండెన్సర్‌ను కొలిచి తేల్చే శ్రమ వద్దు, మార్చేయండి.

ఈఎల్84 యానోడు దగ్గర, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి అడ్డంగానో చాసిస్‌కో 0.002 నుంచి 0.005 దాకా ఇంకొకటి ఉంటుంది. దీనికి 630 వోల్టులు చాలవు. గట్టి పాట వచ్చినప్పుడు ఆ చోట వోల్టేజీ సప్లైకి రెట్టింపు దాకా ఎగురుతుంది. 1600 వోల్టుల పాలీప్రొపిలీన్ వెయ్యండి. ఈఎల్84 క్యాథోడ్ దగ్గర, అంటే మూడో పిన్ను దగ్గర, 25 నుంచి 100 మైక్రోఫారడ్‌ల చిన్న ఎలక్ట్రోలిటిక్ ఉంటుంది. అది షార్టయినా రేకు ఎర్రబడుతుంది, అదీ మార్చండి, 63 వోల్టులది. దాని పక్కనున్న 150 లేదా 180 ఓమ్‌ల రెసిస్టర్ మొన్నటి వేడికి మాడి ఉండొచ్చు, కొలవండి. ఏవీసీ (స్టేషన్ బలాన్ని బట్టి శబ్దాన్ని తానే సర్దే ఏర్పాటు) లైను మీది 0.05 లేదా 0.1ను చాలామంది ‘పెద్దగా వోల్టేజీ లేదుగా’ అని వదిలేస్తారు. ఆ లైనుకు కరెంటు 1, 2 మెగా ఓమ్‌ల గుండా వస్తుంది. అక్కడ కొంచెం కారినా ఏవీసీ కూలిపోతుంది, దగ్గరి స్టేషన్ పగిలినట్టు వినిపిస్తుంది.

పెద్ద డబ్బా విషయంలో తరచూ జరిగే తప్పు, పాతదాన్ని అలాగే ఉంచి కొత్తది పక్కన కలిపేయడం. హమ్ పోతుంది, కానీ పాతది కారుతూనే ఉంటుంది. దాని తీగలు పూర్తిగా విడదీయండి. చూపుకోసం డబ్బా చాసిస్ మీదే ఉండనివ్వండి, కింద 47 మైక్రోఫారడ్ 450 వోల్టులవి రెండు, ట్యాగ్ స్ట్రిప్ మీద బిగించండి. ‘ఎక్కువ వేస్తే హమ్ ఇంకా తగ్గుతుంది’ అని 100 లేదా 220 వెయ్యకండి. ఈజెడ్80 తర్వాత మొదటి కండెన్సర్‌కు 50 మైక్రోఫారడ్‌లే పరిమితి. అంతకు మించితే ప్రతి అలకూ వాల్వు క్యాథోడ్ మీద కరెంటు దెబ్బ పడి పూత రాలిపోతుంది. ఇంకో మాట, డబ్బా మైనస్ నేరుగా చాసిస్‌కు కలిసి ఉందా, లేక అడుగున ఇన్సులేషన్ వాషర్ ఉండి వేరే తీగ మీదికి వెళ్లిందా చూడండి. కొన్ని సెట్లలో మైనస్‌కూ చాసిస్‌కూ మధ్య చిన్న రెసిస్టర్ పెట్టి బయాస్ (గ్రిడ్డుకు కావాల్సిన మైనస్ వోల్టేజీ) తీసుకుంటారు. పాతది ఎక్కడుంటే కొత్తదాని మైనస్ అక్కడే.

ఒక్కొక్కటి తీసి ఒక్కొక్కటి వెయ్యండి, అన్నీ ఒకేసారి కత్తిరించొద్దు. తీగలు పొట్టిగా, పాతవి పోయిన దారిలోనే పోవాలి. అందంగా ఉంటుందని దారి మారిస్తే ఒక దశ శబ్దం ఇంకో దశలోకి ఎక్కి సెట్టు ఈల వేస్తుంది. పాత ట్యాగులకు 25 వాట్ల ఐరన్ చాలదు, 40 నుంచి 60 వాట్లది వాడండి, 60/40 లెడ్డు (సోల్డరు తీగ)తో.

రెసిస్టర్లన్నీ మార్చనక్కర్లేదు. పాత కార్బన్ రెసిస్టర్ వయసుతో పెరుగుతుంది, 100 కిలో ఓమ్‌లకు పైవి మరీ. డబ్బా డిశ్చార్జి అయ్యాక సర్క్యూట్లో ఉండగానే కొలవండి. రాసినదానికన్నా ఎక్కువ చూపిస్తే అది చెడినట్టే. తక్కువ చూపిస్తే పక్కదారి ఏదో ఉందేమో, ఒక కాలు ఎత్తి మళ్లీ కొలవండి. 20 శాతం దాటినవి మార్చండి. ఈబీసీ81 యానోడుకు వెళ్లే 220 కిలో ఓమ్‌లది 400 అయితే మాట సన్నగా, గీరినట్టు వస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ కొన్ని వందల ఓమ్‌లు చూపించాలి. ఓపెన్ అయితే ఈఎల్84ను సాకెట్లో పెట్టి కరెంటు ఇవ్వకండి, యానోడు కరెంటంతా స్క్రీన్ గ్రిడ్డు (వాల్వులోని రెండో జాలీ, తొమ్మిదో పిన్ను) మీద పడి అది మాడిపోతుంది. స్పీకరు తగిలించకుండా సెట్టును ఎప్పుడూ మోగించొద్దు.

బ్యాండ్ స్విచ్చికి, వాల్యూమ్ కంట్రోలుకు, వాల్వు సాకెట్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా కాంటాక్ట్ క్లీనర్ చాలు. స్విచ్చి కాంటాక్టుల మీద గరుకు కాగితం రుద్దితే వెండి పూత పోతుంది, కిరసనాయిలు జిడ్డు మిగులుస్తుంది. గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ తిప్పేటప్పుడు కదిలేది) రేకుల మధ్య మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. వంగినట్టు అనిపించినా వేలితో సరిచెయ్యకండి.

ఇప్పుడు కరెంటు. ముందు ఈజెడ్80 తప్ప మిగతా వాల్వులు పెట్టి, సీరీస్ బల్బు ద్వారా. హీటర్లు మసకగా ఎర్రబడతాయి. తర్వాత బల్బు లేకుండా నేరుగా ఇచ్చి ఈఎల్84 నాలుగు, ఐదు పిన్నుల మధ్య ఏసీ కొలవండి. సాకెట్టును కిందనుంచి చూస్తే ఖాళీ ఉన్న చోటు నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు పిన్నులు లెక్కపెట్టాలి. 6.0 నుంచి 6.6 మధ్య ఉంటే సరి. ఎక్కువుంటే సెలెక్టర్ స్థానం మళ్లీ చూడండి. ఈజెడ్80 ఇంకా పెట్టలేదు కాబట్టి కాస్త ఎక్కువే చూపించవచ్చు, చివర్లో ఇంకోసారి కొలవండి.

ప్లగ్గు తీసి ఈజెడ్80 పెట్టండి, మీటరు నల్ల తీగ చాసిస్‌కు క్లిప్పుతో బిగించండి, మళ్లీ సీరీస్ బల్బు ద్వారానే ఇవ్వండి. ఇరవై, ముప్పై సెకన్లకు డీసీ మెల్లగా లేవాలి. బల్బు మసకగా వెలుగుతుంటే సబబు. నిండుగా వెలిగితే ఆపి, ఎక్కడ షార్టో వెతకండి, కొత్త ఎలక్ట్రోలిటిక్ తిరగేసి వేశారేమో కూడా చూడండి. అంతా నెమ్మదిగా ఉంటే ఈఎల్84 రెండో పిన్ను మీద డీసీ చూడండి. 0.1 వోల్టు కూడా ప్లస్ ఉండకూడదు. ఉంటే కొత్త కప్లింగ్ కండెన్సర్ ఒక కాలు ఎత్తండి. అప్పటికీ ప్లస్ ఉంటే తప్పు వాల్వుదే, మొన్నటి వేడికి లోపల గ్యాసు వదిలిందన్నమాట.

బల్బు తీసేసి నేరుగా ఇచ్చాక, ఈజెడ్80 మూడో పిన్ను మీద 250 నుంచి 280, ఫిల్టర్ తర్వాత, అంటే రెండో పెద్ద కండెన్సర్ మీద, 220 నుంచి 250 డీసీ రావచ్చు. సెట్టును బట్టి కొంచెం అటూ ఇటూ. ఈఎల్84 మూడో పిన్ను మీద వోల్టేజీ అన్నిటికన్నా విలువైన అంకె. దాన్ని క్యాథోడ్ రెసిస్టర్‌తో భాగిస్తే కరెంటు తెలిసిపోతుంది. 180 ఓమ్‌ల మీద 7.5 వోల్టులంటే 42 మిల్లీఆంపియర్లు. స్క్రీన్‌కు ఐదు పోగా యానోడుకు 37, దాన్ని 240తో గుణిస్తే 9 వాట్లలోపే. వాల్వు పరిమితి 12 వాట్లు. మూడో పిన్ను మీద 12 వోల్టులు కనిపిస్తే వెంటనే ఆపండి. సున్నా అయితే వాల్వు నడవడం లేదు, తొమ్మిదో పిన్ను మీద సప్లై వస్తోందో లేదో చూడండి.

ఈఎల్84 నిజంగానే పోయినా దిగులు వద్దు. గిటార్ యాంప్లిఫయర్లలో వాడతారు కాబట్టి అది నేటికీ కొత్తగా తయారవుతోంది. అమెరికన్ నంబరు 6బీక్యూ5, రష్యన్‌ది 6పీ14పీ, రెండూ అదే సాకెట్లో కూర్చుంటాయి. మిగతావి పాత స్టాకులో దొరుకుతాయి: ఈసీహెచ్81కు 6ఏజే8, ఈఎఫ్89కు 6డీఏ6, ఈజెడ్80కి 6వీ4 అని అడగొచ్చు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఈ తరహా వాల్వులను 1960ల నుంచి మన దేశంలోనే తయారు చేశారు, బెల్ ముద్ర ఉన్నవి పాత రేడియో కొట్ల డబ్బాల్లో ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఈజెడ్80 బదులు సిలికాన్ డయోడ్లు వేసే ‘చిట్కా’ మాత్రం వద్దు. వోల్టేజీ పెరుగుతుంది, అదీ మిగతా వాల్వులు వేడెక్కకముందే నిండుగా వచ్చిపడుతుంది.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా స్టేషన్ రాకపోతే వెనకనుంచి ముందుకు రండి. గ్రామఫోన్ పికప్ సాకెట్టులోకి 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల కండెన్సర్ గుండా ఫోన్ పాట ఇవ్వండి. అది వినిపిస్తే ఈబీసీ81, ఈఎల్84 పని చేస్తున్నట్టు. తర్వాత ఈసీహెచ్81 ఆసిలేటర్, అంటే స్టేషన్‌ను పట్టడానికి సెట్టు తనలో తానే పుట్టించుకునే తరంగం. దీన్ని ఒక చిన్న ట్రాన్సిస్టర్ రేడియోతో పరీక్షించొచ్చు. విజయవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్. ఆసిలేటర్ స్టేషన్ కన్నా ఐఎఫ్ (స్టేషన్ ఏదైనా సెట్టు లోపల మారిపోయే స్థిర పౌనఃపున్యం) అంత పైన నడుస్తుంది. మీ సెట్టు ఐఎఫ్ 455 కిలోహెర్ట్జ్ అయితే, ముల్లు విజయవాడ మీద ఉన్నప్పుడు ఆసిలేటర్ 1292 దగ్గర నడుస్తుంది. ట్రాన్సిస్టర్‌ను మీడియం వేవ్‌లో 1290 ప్రాంతంలో పెట్టి వాల్వు సెట్టు పక్కన ఉంచి, పెద్ద డయల్ ముల్లును 837కు అటూ ఇటూ మెల్లగా తిప్పండి. ట్రాన్సిస్టర్‌లో ఉస్‌మనే చప్పుడు ఒక చోట చటుక్కున అణిగినా, ఈల పుట్టినా ఆసిలేటర్ బతికే ఉంది. డయల్ మీద కిలోహెర్ట్జ్ బదులు మీటర్లు (తరంగదైర్ఘ్యం) ఉంటే విజయవాడ 358, విశాఖపట్నం 324, హైదరాబాద్ 406 దగ్గర. ఆసిలేటర్ పలకకపోతే నూటికి తొంభై సార్లు బ్యాండ్ స్విచ్చి కాంటాక్టో, ఆ వాల్వులోని ట్రయోడ్ భాగం యానోడుకు వెళ్లే రెసిస్టరో కారణం.

ఐఎఫ్ డబ్బాల మీద కనిపించే స్క్రూలు తిప్పాలని చేతులు దురద పెడతాయి. తిప్పకండి. కండెన్సర్లు మార్చాక ముప్పాతిక వంతు సెట్లకు అలైన్‌మెంట్ (ఈ స్క్రూలతో ట్యూనింగు సర్దడం) అక్కర్లేదు. ముందెవరో తిప్పేసి ఉంటే, ఆ సెట్టు ఐఎఫ్ ఎంతో ముందు తెలుసుకోండి. 455, 470 ఉన్నాయి, ఫిలిప్స్ సెట్లలో చాలావాటికి 452. సిగ్నల్ జనరేటర్ ఉన్నవారి దగ్గర చేయించడం మేలు. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఫెర్రైట్ కోరును తిప్పితే గాడి పగిలి అక్కడే ఇరుక్కుంటుంది.

ఏరియల్‌గా అయిదారు మీటర్ల తీగ కిటికీ బయటికి వెళ్లాలి. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్ మీడియం వేవ్ మీద గరగర చప్పుడు పోస్తాయి. రేడియో చెడిందని అనుకునేముందు ఒకసారి వాటిని ఆపి వినండి. మొదటి వారం రోజుకు అరగంట చొప్పున మోగిస్తూ, ట్రాన్స్‌ఫార్మర్ వేడి, ఈఎల్84 మూడో పిన్ను వోల్టేజీ చూస్తూ ఉండండి.

ఇంట్లో పిల్లలకు ఫోన్లోని పాటలే కావాలంటే మెకానిక్ చెప్పిన బ్లూటూత్ కూడా పెట్టుకోవచ్చు, కానీ లోపల ఏదీ పీకకుండా. చిన్న బ్లూటూత్ రిసీవర్ కొని, దాని కుడి, ఎడమ తీగలకు చెరొక 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేసి చివరలు కలిపి, అక్కడినుంచి ఇందాకటి 0.1 కండెన్సర్ ద్వారా పికప్ సాకెట్టుకు ఇవ్వండి, గ్రౌండు తీగ సాకెట్టు రెండో రంధ్రానికి. చాసిస్ ఎర్తు అయి ఉన్న మీ ఏసీ సెట్టుకే ఈ మాట. ‘యూ’ వాల్వుల సెట్టుకు మాత్రం ఫోన్ గానీ రిసీవర్ గానీ ఎప్పుడూ తగిలించకూడదు.